ఇంటి బడ్జెట్‌ని నెలకి వేయకండి, ఏడాదికి వేయండి

జూన్‌లో స్కూలు ఫీజులు. శ్రావణం వచ్చిందంటే పెళ్ళిళ్ళు, పేరంటాలు. దసరాకి బట్టలు, సంక్రాంతికి మళ్ళీ బట్టలు, పిండివంటలు, ఊరి ప్రయాణం. మధ్యలో ఎప్పుడో బండి ఇన్సూరెన్సు, మార్చిలో ఎల్‌ఐసీ, ఏప్రిల్లో ఇంటి పన్ను, మే నెలలో చూడగానే గుండె గుభేలుమనే కరెంటు బిల్లు. వీటిలో చెప్పాపెట్టకుండా వచ్చేది ఒక్కటీ లేదు. అన్నీ మనకి ఏడాది ముందే తెలుసు, అయినా ఏ నెలకా నెల ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఒకటే: "ఈ నెల అనుకోని ఖర్చు వచ్చి పడిందండీ, వచ్చే నెల నుంచి చూద్దాం."

ఆ వచ్చే నెల రాదు. దాని ఖర్చు దానికి ఉంటుంది.

బడ్జెట్ వేసుకుని రెండు మూడు నెలలకే వదిలేసిన వాళ్ళు నాకు చాలామంది తెలుసు. అందరూ తమని తామే తిట్టుకుంటారు, మా చెయ్యి దుబారా, మాకు డబ్బు నిలవదు అని. వినడానికే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ళలో చాలామంది పది రూపాయల దగ్గర కూడా ఆలోచించే మనుషులు. లోపం లెక్క వేసుకునే పద్ధతిలో ఉంది. జీతం నెలకోసారి వస్తుంది కాబట్టి బడ్జెట్ కూడా నెలకే వేయాలనుకుంటాం, మన ఇళ్ళ ఖర్చేమో ఏడాది లెక్కన నడుస్తుంది. ఉగాది నాడు పంచాంగం విప్పితే ఈ రాశికి ఇంత ఆదాయం, ఇంత వ్యయం అని ఏడాది మొత్తానికి కలిపి చెప్తారు గానీ చైత్రానికి ఇంత, వైశాఖానికి ఇంత అని విడగొట్టరు. ఆ అంకెల్ని నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, సంవత్సరాన్ని ఒకే లెక్కగా చూడటం మాత్రం మన పెద్దవాళ్ళకి బాగా అలవాటైన పని.

ఒక ఇల్లు తీసుకుందాం. విశాఖలో, గాజువాకలోనో, మధురవాడలోనో, మా మర్రిపాలెంలోనో. ఇద్దరు పిల్లలు, నెలకి చేతికొచ్చేది 60,000. ఆ ఇంట్లో నెలనెలా రాని ఖర్చులు మాత్రమే రాద్దాం. ఇద్దరి స్కూలు ఫీజు కలిపి 70,000, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు 12,000. ఎల్‌ఐసీ ప్రీమియం 24,000, ఆరోగ్య బీమా 22,000. బండ్ల ఇన్సూరెన్సు, సర్వీసింగు 9,000. సంక్రాంతికి 20,000, శ్రావణం నుంచి దీపావళి దాకా మిగతా పండగలన్నిటికీ 18,000. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, బారసాలల చదివింపులు 20,000. ఇంటి పన్ను 5,000, రిపేర్లు 10,000 (మోటారు కాలిపోవచ్చు, ఫ్రిజ్ ఆగిపోవచ్చు, ఏదో ఒకటి మాత్రం తప్పదు), ప్రయాణాలు 6,000. కూడితే 2,16,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 18,000.

అంటే ఆ ఇల్లు నెలకి 60,000తో నడుస్తోందని వాళ్ళు అనుకుంటున్నారు గానీ, బియ్యం, పాలు, పెట్రోలు, ఫోన్ రీచార్జీలకి వాళ్ళ దగ్గర నిజంగా ఉన్నది 42,000. మిగతా 18,000 ఇంకా రాని బిల్లుల సొమ్ము, మన బ్యాంకు ఖాతాలో నాలుగు రోజులు ఉండి వెళ్ళిపోయేది. నెలవారీ బడ్జెట్ దాన్ని మన సొంతం అన్నట్టు చూపిస్తుంది. ఖర్చు పెట్టేసుకుంటాం, అప్పుడు జూన్ వస్తుంది.

జూన్ వచ్చాక ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. క్రెడిట్ కార్డు గీకుతాం, లేదా చెల్లెలి దగ్గర చేబదులు తీసుకుంటాం, లేదా కురుపాం మార్కెట్‌లో కొన్న బంగారు గాజులు తీసుకెళ్ళి బ్యాంకులో తాకట్టు పెడతాం. కార్డు మీద బాకీ మిగిలితే చాలా కార్డుల్లో నెలకి 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ పడుతుంది, ఏడాదికి 36 నుంచి 45 శాతం. 30,000 ఫీజు కార్డు మీద కట్టి మినిమం డ్యూ మాత్రమే కడుతూ పోతే మొదట్లో నెలకి దాదాపు 1,000 రూపాయలు వడ్డీకే పోతుంది. ఎప్పుడు వస్తుందో పిల్లాడు పుట్టినప్పుడే తెలిసిన ఖర్చుకి, అప్పు చేసి, ఆ అప్పుకి వడ్డీ కట్టడం నాకు అస్సలు మింగుడుపడని విషయం. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఇక్కడ 50-30-20 సూత్రం గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా అదే. జీతంలో సగం అవసరాలకి, 30 శాతం కోరికలకి, 20 శాతం పొదుపుకి. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆవిడ కూతురు అమీలియా, 2005లో. అక్కడి కుటుంబాల కోసం వాళ్ళు ఆలోచించి చెప్పినది, అందులో నాకు తప్పేమీ కనపడదు. మా ఇంట్లో మాత్రం అది మొదటి పేజీలోనే ఆగిపోయింది. ఆడపడుచుకి సంక్రాంతికి పెట్టే చీర అవసరమా, కోరికా? మావయ్య మనవరాలి పెళ్ళికి రాజాం వెళ్ళి రావడం? అత్తయ్యగారు మార్గశిర లక్ష్మివారాల్లో కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళడానికి ఆటో? వీటిని కోరిక అంటే మనసు ఒప్పుకోదు, అవసరం అంటే 50 శాతం చాలదు. ఈ పెట్టుపోతలు మన బతుకులో సగభాగం. వాటికి గూడు లేని పట్టిక మన ఇంట్లో నిలవదు. అందుకే శాతాలు పక్కన పెట్టి, ఖర్చు పేరూ అది వచ్చే నెలా రాసుకోవడం నయమంటాను.

మా ఇంట్లో ఈ పని గోడ మీది తెలుగు క్యాలెండర్ కిందకి దించి చేశాం. పన్నెండు కాగితాలూ డైనింగ్ టేబుల్ మీద పరిచాం. మా ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఫోన్లో తీశారు, నేను లాంగ్ నోట్‌బుక్ తీసుకున్నాను, అత్తయ్యగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. స్టేట్‌మెంట్ చూస్తే డబ్బు ఎవరికి వెళ్ళిందో తెలుస్తుంది, ఎందుకు వెళ్ళిందో సగం వాటికి గుర్తు రాదు. అత్తయ్యగారికి నెలల పేర్లు చాలు. "మాఘంలో మీ ఆడపడుచు కూతురికి ఓణీలు ఇస్తామన్నారు, మర్చిపోయావేటి?" అన్నారు. వైశాఖంలో సింహాచలం చందనోత్సవానికి ఊరి నుంచి చుట్టాలు దిగుతారు, రెండు మూడు రోజులు ఉంటారు, వాళ్ళు వెళ్ళేటప్పుడు ఒట్టి చేతులతో పంపలేం. ఆషాఢ పున్నమికి గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళు మా ఇంట్లోనే దిగుతారు. కార్తీకంలో వనభోజనాలు. ఇవేవీ మా ఇద్దరి జాబితాలో లేవు. ఆవిడ ఒక్కొక్కటే చెప్తుంటే ఆయన ఎక్సెల్ షీటు మూసేసి క్యాలెండర్ మీదే పెన్నుతో అంకెలు వేయడం మొదలుపెట్టారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళు లేకుండా ఈ జాబితా రాయకండి. ఎవరి పెళ్ళికి మనం ఎంత చదివించాం, వాళ్ళు మనకి ఎంత చదివించారు అన్నది ఏ యాప్‌లోనూ దొరకదు.

సరే, ఇందాక లెక్క వేసిన ఇంట్లో నెలకి 18,000 పక్కన పెట్టాలని తేలింది. ఎక్కడ పెట్టాలి? జీతం ఖాతాలోనే ఉంచి "ఇది ముట్టుకోకూడదు" అనుకుంటే పని జరగదు, ఫోన్ తెరిస్తే కనపడేది మొత్తం బ్యాలెన్సే కదా. వేరే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, దానికి డెబిట్ కార్డు వాడకుండా, ఫోన్ పే, గూగుల్ పేకి లింకు చేయకుండా, జీతం పడిన మర్నాడే అందులోకి ఆటోమేటిక్‌గా వెళ్ళేట్టు పెట్టాలి. ఇంటి లోను ఈఎంఐ పోతే ఎవరం ఏడవం కదా, అలాగే అదీ పోతుంది. స్కూలు ఫీజు లాంటి పెద్ద మొత్తానికి మీ బ్యాంకులో పదకొండు నెలల ఆర్‌డీ (నెలనెలా ఒకే మొత్తం కట్టే రికరింగ్ డిపాజిట్) దొరికితే ఇంకా మంచిది. జూన్ చివర్లో మొదలుపెడితే మే ఆఖరికి చేతికొస్తుంది, మన దగ్గర బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, సరిగ్గా సరిపోతుంది. మధ్యలో తీయాలంటే బ్రేక్ చేయాలి, ఆ చిన్న ఇబ్బందే మనల్ని ఆపుతుంది.

చీటీ వేస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడుగుతారు. విశాఖలో చీటీ లేని వీధి లేదు, దాని మీద నాకు గౌరవం ఉంది, ఎంతోమంది ఆడవాళ్ళు ఇల్లు కట్టుకున్నదీ, బంగారం చేసుకున్నదీ చీటీల మీదే. కానీ తేదీ ముందే తెలిసిన ఖర్చుకి చీటీ కుదరదు. జూన్‌లో డబ్బు కావాలంటే జూన్‌లోనే పాడాలి, మీలాగే ఇంకో నలుగురికి కూడా జూన్‌లోనే ఫీజులుంటాయి, పాట పెరుగుతుంది, తరుగు (డబ్బు ముందు తీసుకోవడానికి వదులుకునేది) ఎక్కువ పోతుంది. రిజిస్టరైన చీటీలో నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాకా ఉండొచ్చు, 1982 చట్టంలో 5 ఉన్నదాన్ని 2019 సవరణలో 7 చేశారు. రిజిస్టర్ కాని వీధి చీటీ అయితే నడిపేవాళ్ళు చెయ్యెత్తేస్తే మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు. స్థలం కొనడానికో, పెళ్ళికో రిజిస్టరైన చీటీ వేసుకోండి, ఫీజులకీ ప్రీమియాలకీ వద్దు.

ఇప్పుడు నెలవారీ 42,000 సంగతి. పొదుపు అనగానే మన కళ్ళన్నీ కూరగాయల మీదకే పోతాయి. కంచరపాలెం రైతు బజారుకి పొద్దున్నే వెళ్తే ఇప్పటికీ చూస్తుంటాను, ధరల బోర్డు ముందు నిలబడి వంకాయల దగ్గర రెండు రూపాయల తేడా లెక్క కట్టుకునే ఆడవాళ్ళని. ఆ ఓపిక ఊరికే పోదు, రైతు బజార్లు 1999లో పెట్టినప్పటి నుంచీ మధ్యతరగతి వంటిల్లు వాటి మీదే ఆధారపడి ఉంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు రైతు బజార్లలో 50కి అమ్మితే ఎంత పొడుగు క్యూలు నిలబడ్డాయో మనకి గుర్తే. కానీ కేంద్రప్రభుత్వ గృహ వినియోగ సర్వే చూడండి. దేశం మొత్తం మీద పట్టణాల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా 1999-2000లో 48 శాతం, 2022-23కి అది 39 శాతానికి పడింది. అంటే ఖర్చులో అరవై పాళ్ళు వంటింటి బయటే జరుగుతోంది. మరి ఇంట్లో పొదుపు మాట వచ్చినప్పుడల్లా వంటింట్లో మనిషినే ఎందుకు నిలదీస్తాం? కొత్తిమీర కట్ట దగ్గర ఆవిడ మిగిల్చిన ఐదు రూపాయలు లెక్కకి వస్తాయి, ఎవరూ చూడని ఓటీటీ, వాడని జిమ్, అవసరానికి మించిన డేటా ప్లాను ఆటోపేలో నెలనెలా పోతుంటే ఎవరి పేరూ పైకి రాదు. ముందు ఆటోపే జాబితా తెరవండి, కూరగాయల సంగతి తర్వాత.

కరెంటు బిల్లు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఎండాకాలం బడ్జెట్ పట్టాలు తప్పేది అక్కడే. మన దగ్గర బిల్లు స్లాబుల మీద నడుస్తుంది. 2022లో మార్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. డిసెంబర్లో 150 యూనిట్లు కాల్చారనుకోండి, యూనిట్ల ఛార్జీ 567 రూపాయలు అవుతుంది. మే నెలలో ఏసీ వేసి 450 కాల్చితే 3,036 వస్తుంది. వాడకం మూడింతలు, బిల్లు ఐదింతలకి పైనే. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ఇంధన సర్దుబాటు ఇవి కాక. డిసెంబరు బిల్లు చూసి "కరెంటుకి 700" అని రాసుకున్న బడ్జెట్ మేలో ఎలా నిలబడుతుంది? పన్నెండు బిల్లులూ కూడి సగటు వేసి, చలికాలంలో మిగిలింది ఆ రెండో ఖాతాలోకి పంపితే మే నెల బిల్లు మామూలు బిల్లే. విశాఖ ఉక్కపోతలో అత్తయ్యగారి లాంటి వాళ్ళని ఏసీ వేయకుండా కూర్చోమనడం నా దృష్టిలో పొదుపు కాదు. ఇంకో సంగతి, ఇంటి పన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు. డబ్బు ముందే పక్కన ఉన్నవాళ్ళకే ఆ తగ్గింపు దక్కుతుంది. లేనివాళ్ళు తర్వాత కడతారు, ఎక్కువ కడతారు.

ఇలా ఏడాదిని ఒకేసారి చూడటం జీతగాళ్ళకి కొత్తేమో గానీ సముద్రం మీద బతికేవాళ్ళకి కొత్త కాదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. మనకి అది వంజరం ధర పెరిగే కాలం, కానాగంతలు దొరకని కాలం, పెదజాలరిపేటలోనో ఫిషింగ్ హార్బర్ పక్కనో ఉండే ఇళ్ళకి అది ఆదాయం ఆగిపోయే కాలం, పైగా నిషేధం ముగిసేసరికి బడులు తెరిచి ఉంటాయి. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ డ్వాక్రా సంఘంలో కట్టేది కాక, రోజూ అమ్మకం అయిపోగానే కొంత విడిగా ముడి వేసి బొడ్లో దోపుకుంటుంది. అది ఆ రెండు నెలలదని నాకు ఒకసారి చెప్పింది. "వేట లేని రోజుల్లో కూడా పొయ్యి వెలగాల కదమ్మా." ప్రభుత్వం ఇచ్చే భృతి ఉన్నా అది ఒక్కటే చాలదు కదా. ఆదాయం నిలకడగా లేని వాళ్ళకి, ఆటో నడిపేవాళ్ళకి, టైలర్లకి, ట్యూషన్లు చెప్పుకునేవాళ్ళకి, నెలవారీ బడ్జెట్ అసలే పనికిరాదు. వాళ్ళు తక్కువ వచ్చే నెల ఎంత వస్తుందో దాన్నే జీతం అనుకుని బతకాలి, ఎక్కువ వచ్చిన నెలలో మిగిలింది తక్కువ నెలకి మోయాలి. చెప్పడం తేలిక, చేయడం చాలా కష్టం, ఎందుకంటే ఎక్కువ వచ్చిన నెలలోనే పాత అప్పులవాళ్ళు కూడా వస్తారు. అయినా దారి అదే. ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి అని ఊరికే అనలేదు. ఆ రెండింటినీ కొంచెం దగ్గరికి తేవడమే ఈ లెక్కంతా.

తెలిసిన ఖర్చుల్ని ఇలా వేరు చేశాక, నిజంగా అనుకోనిది ఏమిటో అప్పుడు కనపడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్ళకి నేను వివరించక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు, పాలకీ నీళ్ళకీ పెట్రోలుకీ లైన్లు. బ్యాంకులో డబ్బున్నవాళ్ళు కూడా చేతిలో నోట్లు లేక ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు మనం అప్పటికంటే ఎక్కువగా ఫోన్ మీద ఆధారపడ్డాం, యూపీఐ అప్పటికి పుట్టనేలేదు. అందుకని ఇంట్లో బీరువాలో రెండు వారాల తిండికీ మందులకీ సరిపడా నగదు ఉండాలని నేను గట్టిగా చెప్తాను, తుఫాను కాలం వచ్చేముందు అక్టోబర్ మొదట్లో ఒకసారి చూసుకోవాలి. దీనికి పైన మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో. అది ఉద్యోగం పోయినప్పుడు, ఎవరికైనా ఉన్నట్టుండి ఆపరేషన్ పడినప్పుడు. సంక్రాంతికి అందులోంచి తీశారంటే అది అత్యవసర నిధి కాదు.

ఇక, పెట్టుకున్న లెక్కకి కట్టుబడి ఉండటం. ఒక్కరు వేసి మిగతావాళ్ళ మీద రుద్దిన బడ్జెట్ నిలవదు. మగవాడు వేస్తే "ఈ నెల గ్యాస్‌కి ఎందుకంత" అనే ఆరా అవుతుంది, ఆడది వేస్తే ఆయన టీ ఖర్చు మీద నిఘా అవుతుంది. రెండూ గొడవలే. మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళకీ నెలకి కొంత సొంత డబ్బు ఉంది, తక్కువే, దానికి లెక్క చెప్పక్కర్లేదు, అడిగే హక్కు ఇంకొకరికి లేదు. అత్తయ్యగారు అది ఎవరికిస్తారో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే మనుషులు చిన్న చిన్న అబద్ధాలు ఆడటం మొదలుపెడతారు, చీర 1,800 అయితే 1,200 అని చెప్తారు, అప్పుడు పుస్తకంలో అంకెలకి అర్థం ఉండదు.

రోజూ ప్రతి రూపాయీ రాయమని నేను ఎవరికీ చెప్పను. వారానికి ఒక మొత్తం తీసి, కూరగాయలు, పండ్లు, చేపలు, పాలు, పై ఖర్చులు అన్నీ అందులోంచే జరపండి. మేము ఆదివారం పొద్దున నగదు తీసి వంటింటి డ్రాయర్‌లో పెడతాం. స్కాన్ చేసి కొడితే డబ్బు పోయినట్టే అనిపించదు, నోటు తీసి ఇస్తే చేతికి తెలుస్తుంది. గురువారానికే డ్రాయర్ ఖాళీ అయితే శుక్ర, శనివారాలు ఇంట్లో ఉన్న పప్పులు, వడియాలు, ఆవకాయ. పిల్లలకి కూడా అది అర్థమవుతుంది, డ్రాయర్ వాళ్ళూ తెరిచి చూస్తారు. వారం చిన్నది కాబట్టి ఒక వారం పోయినా నెల పోదు.

మిగిలిన డబ్బుకి కూడా వెంటనే ఒక పేరు పెట్టాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. నేను రోజూ బస్సులోనే ఆఫీసుకి వెళ్తాను, ఆ డబ్బు నెలకి చెప్పుకోదగ్గంతే మిగులుతోంది. మా ఆఫీసులో అందరికీ మిగులుతోంది, అయినా ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు, ఎందుకంటే అది మిగిలిన రోజునే వేరే దేంట్లోనో కలిసిపోయింది. నేను పాస్‌కి పెట్టే మొత్తాన్ని అలాగే చెల్లెలి పెళ్ళి ఆర్‌డీకి మళ్ళించాను. జీతం పెరిగినా, ఏదైనా లోను తీరిపోయినా ఇదే పద్ధతి.

"వచ్చేదే చాలనప్పుడు బడ్జెట్ ఏమిటి" అనేవాళ్ళకి సమాధానం చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. నిజమే, 18,000 జీతంతో ముగ్గురు బతికే ఇంట్లో ఏ పట్టికా డబ్బు పుట్టించదు, వాళ్ళకి పొదుపు పాఠాలు చెప్పడం అన్యాయం. కానీ ఏడాది లెక్క వాళ్ళకి ఒక పని చేసిపెడుతుంది. ఎంత తక్కువ పడుతుందో, ఏ నెలలో తక్కువ పడుతుందో ముందే చెప్తుంది. జూన్‌లో 15,000 తక్కువ పడుతుందని జనవరిలోనే తెలిస్తే స్కూల్లో మాట్లాడి వాయిదాలు అడగొచ్చు, డ్వాక్రా లోను ముందే పెట్టుకోవచ్చు, యజమానిని అడ్వాన్స్ అడగొచ్చు. జూన్ 10న తెలిస్తే నూటికి నెలకి పది రూపాయల వడ్డీ దగ్గరికే వెళ్ళాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, జులైలో. జనవరి ఒకటికి అందరికీ ఉత్సాహం వస్తుంది గానీ రెండు వారాల్లో సంక్రాంతి ఉంటుంది, ఉగాదికి మొదలుపెడితే ఫీజులకి రెండు మూడు నెలలే టైము ఉంటుంది, పోగయ్యేలోపే తీయాల్సొచ్చి మనసు విరిగిపోతుంది. జులైకి ఫీజులు కట్టేసి ఉంటాం, ఏసీ ఆగిపోతుంది, ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి చదివింపులు ఉండవు. పైగా బట్టల షాపుల్లో ఆషాఢం తగ్గింపులు ఉంటాయి, శ్రావణానికి పెట్టే చీరలు, రవికె గుడ్డలు అప్పుడే తీసుకుంటే పండగల పద్దులో కొంత మిగులుతుంది. మొదటి ఏడాది అన్నీ పూర్తిగా పోగవ్వవు, బోనసో, చీటీ డబ్బో వస్తే దాన్ని ఈ ఖాతాలోకి తోసి ఆ లోటు పూడ్చండి.

ఇందాక వేసిన 2,16,000 లెక్కలో ఒక పద్దు కావాలనే వదిలేశాను, ఎవరైనా గమనిస్తారేమో అని. బీమా ఉంది, కానీ బీమాకి అందని మామూలు వైద్యం లేదు. రక్త పరీక్షలు, పంటి నొప్పి, కళ్ళద్దాలు, బీపీ మాత్రలు. నేను చూసిన చాలా ఇళ్ళ లెక్కల్లో ఇది ఉండదు, ఖర్చు తగ్గించాల్సొస్తే మొదట వాయిదా పడేది కూడా ఇదే, అందులోనూ ఆ ఇంటి ఆడమనిషిదే. నీరసంగా ఉందంటూనే మూడు నెలలు గడిపేస్తుంది, పిల్లాడి ప్రాజెక్టుకి మాత్రం అదే వారం డబ్బు తీసిస్తుంది. ఇలా కోత పడే రెండోది పనమ్మాయి జీతం. ఇంటి ఖర్చు పెరిగిందని ఆమెకి పెంచాల్సిన 300 ఆపేస్తాం, బియ్యం ధర మనకి పెరిగినంతే ఆమెకీ పెరిగింది. ఈ రెండింటినీ తగ్గించి మిగిల్చిన డబ్బుని నేను పొదుపు అనలేను. మేము వైద్యానికి నెలకి 1,500 వేశాం, అత్తయ్యగారి కళ్ళ పరీక్ష, నా థైరాయిడ్, ఆయన షుగర్ అన్నీ దాంట్లోంచే జరుగుతాయి, ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. పనమ్మాయికి ఏటా జులైలో జీతం పెరుగుతుంది, దసరాకి ఒక నెల జీతం అదనం, అది పండగల పద్దులో మా బట్టల కంటే పైన రాసి ఉంటుంది.